నీళ్లెత్తే కరెంటు

2025 మార్చి 29, కర్నూలు

మార్చి నెలాఖరు. పురపాలక ఆఫీసుల్లో రాత్రి తొమ్మిదైనా కంప్యూటర్లు ఆగవు. యూసీలు పోవాల. పోయిన విడత డబ్బు ఖర్చైనట్టు యుటిలైజేషన్ సర్టిఫికెట్ పోకపోతే తరువాతి విడత రాదు. పట్టణాల తాగునీటి పథకం అమృత్‌లో కేంద్రం సొమ్ము మూడు విడతలుగా వస్తుంది: ఇరవై శాతం, నలభై, మళ్లీ నలభై. మొదటి ఇరవైతో తవ్వకం మొదలవుతుంది. తక్కిన నలభైల కోసం కాగితాలు తిరుగుతుంటాయి.

పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్‌లో బతుకంతా గడిపినవాణ్ణి. రిటైరైనాక కూడా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఈ రోజు కడప వైపునుంచి ఒక చిన్న పురపాలిక ఏఈ, అసిస్టెంట్ ఇంజనీరు, చేసినాడు. జనాభా లక్షలోపు ఊరు. "సార్, ఎనర్జీ ఎఫిషియన్సీకి గ్రాంటు అడగాలంటున్నారు. డీపీఆర్ ఎట్ల మొదలుపెట్టాలో కొంచెం చెప్పండి" అన్నాడు. పనికి పూర్తి వివరాల నివేదికే డీపీఆర్. గొంతులో భయం లేదు, ఓపిక ఉంది. వస్తానన్నాను.

ఏప్రిల్ 4

గ్రాంటు అనగానే అందరి నోటా ముందు వచ్చేది వీధిదీపం. అందుకు కారణముంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ స్తంభాలను నేలకూల్చింది. అక్కడ మళ్లీ పాత సోడియం దీపాలు పెట్టకుండా, నగరమంతా ఎల్‌ఈడీలు వేసినారు. పెట్టుబడి ఈఈఎస్‌ఎల్‌ది. ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి నాలుగు ప్రభుత్వ సంస్థలు కలిసి 2009లో పెట్టిన సంస్థ అది. పురపాలిక ముందుగా రూపాయి పెట్టనక్కర లేదు, తగ్గిన బిల్లులోంచి ఏడేళ్లపాటు వాయిదాలు కడితే చాలు. 2015 జనవరి 5న వీధిదీపాల జాతీయ పథకం దేశమంతటికీ మొదలైంది. ఆ పథకం కింద వెలిగిన దీపాల లెక్కలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. కర్నూలుకూ కడపకూ తెల్లవెలుగు ఆ అలలోనే వచ్చింది.

ఇది మంచి పని. నేను దాన్ని తక్కువ చేయను. నలభై వాట్ల ట్యూబు, దాని చోకు కలిసి యాభై దాకా తాగేది. ఇరవై వాట్ల ఎల్‌ఈడీ అంతకన్నా బాగా వెలిగిస్తుంది. ఏడాదికి నాలుగువేల గంటలు వెలిగే దీపం కాబట్టి లెక్క చేతివేళ్ల మీద తేలుతుంది. స్తంభాలను ఎవరైనా ఎంచవచ్చు, ఫోటో తీయవచ్చు, మంత్రి వచ్చి స్విచ్ వేయవచ్చు.

పంపుహౌస్‌లో స్విచ్ వేయడానికి ఎవరూ రారు. రాయలసీమ పట్టణాల్లో కరెంటు కాలేది ఎక్కువగా అక్కడ.

ఏప్రిల్ 12

ఏఈ ఊరికి పోయివచ్చినాను. పెన్న ఇసుకలో బావి, బావి మీద గది, గదిలో రెండు మోటార్లు. ఒకటి నడుస్తుంది, ఒకటి స్టాండ్‌బై. ఆపరేటరు యాభై దాటినవాడు, ఔట్‌సోర్సింగ్. గోడకు దేవుడి పటం, పక్కన దారంతో కట్టిన లాగ్ బుక్కు.

"ఎంత నీళ్లు ఎత్తుతాందప్పా ఇది?"

"మోటరు నడుస్తాంది సార్. నీళ్లు పోతాండాయి. ఇంకేం కావల్ల?"

"ఫ్లో మీటరు?"

"పెట్న్యారు సార్, శానా కాలం ముందర. ముల్లు ఆడదు."

డెలివరీ వాల్వు ముప్పాతికే తెరిచి ఉంది. ఎందుకని అడిగితే, పూర్తిగా తిప్పితే మోటరు ట్రిప్ అవుతుందన్నాడు. అంటే ఊరికి కావలసినదానికన్నా పెద్ద హెడ్‌కు, అంటే ఎత్తుకు, కొన్న పంపు. అది ఎత్తు కోసం తీసుకున్న కరెంటులో కొంత ఆ పాతిక మూసిన వాల్వు దగ్గరే వేడిగా, చప్పుడుగా అయిపోతుంది. ఈ సీమలో ఎన్ని పంపుహౌస్‌ల్లో ఈ వాల్వును చూసినానో! భవిష్యత్తు అవసరాలకని ఎస్టిమేట్‌లో ఒక పది మీటర్లు, ఎందుకైనా మంచిదని పైవాళ్లు ఇంకో పది మీటర్లు కలుపుతారు. ఆ ఇరవై మీటర్లకూ ఊరు ఇరవయ్యేళ్లు బిల్లు కడుతుంది.

బయటికి వస్తుంటే ఆపరేటరే అన్నాడు: "ముందర ట్యాంకు నాలుగు గంటల్లో నిండుతాండె సార్. ఇప్పుడు ఐదు గంటలు పడతాంది."

అక్కడే ఆగిపోయినాను. లాగ్ బుక్కు తెరిపించినాను. మోటరు వేసిన టైము, ట్యాంకు పొంగిన టైము, పక్కన కరెంటు మీటరు రీడింగు. రోజూ ఉన్నాయి. పైవాళ్లు అడిగినా అడగకపోయినా ఏళ్ల తరబడి రాసినాడు.

ఏప్రిల్ 13

రాత్రి కూర్చుని లెక్క వేసినాను. ఇక్కడ రాసి పెడతాను, ఏఈకి పనికొస్తుంది.

వెయ్యి లీటర్లను వంద మీటర్లు ఎత్తడానికి, ఏమీ వృథా కాకపోతే, 0.27 యూనిట్ల కరెంటు చాలు. ఇది ప్రకృతి నియమం, దీంతో బేరం లేదు. వాళ్ల ట్యాంకు ఐదు లక్షల లీటర్లు. నిండేటప్పుడు కిందికి వదలరు. ఐదు గంటల్లో నిండితే గంటకు లక్ష లీటర్లు. పైపుల్లో రాపిడి కూడా కలుపుకుని ఎత్తు యాభై మీటర్లు. కావలసింది గంటకు 13.6 యూనిట్లు. మీటరు చూపిస్తున్నది 31. అంటే నూటికి 44 పాళ్లే నీటికి దక్కుతున్నది. నాలుగు గంటల్లో నిండిన రోజుల్లో 55 పాళ్లు దక్కేది. పోయిన పదకొండు పాళ్లు ఇసుక అరగదీసిన ఇంపెల్లర్‌వి, అంటే పంపులో తిరిగే చక్రానివి.

సరైన హెడ్‌కు సరైన పంపు, మంచి మోటరు పెడితే 68 పాళ్లు రావడం అద్భుతమేం కాదు. అప్పుడు గంటకు ఇరవై యూనిట్లు సరిపోతాయి. రోజుకు పదహారు గంటలు నడుస్తుంది కాబట్టి ఏడాదికి అరవైనాలుగు వేల యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే నాలుగున్నర లక్షలు. దేశ గ్రిడ్‌లో ఒక యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు ఉంటుంది కనుక నలభై ఐదు టన్నులు. ఒక్క మోటరు గదిలో.

ఫ్లో మీటరు లేదని బేస్‌లైన్, అంటే పోల్చడానికి ఆధారమైన కొలత, లేదనుకున్నాం. గడియారం, ట్యాంకు, ఆ మనిషి చేతిరాత కలిస్తే బేస్‌లైన్ ఉంది.

ఏప్రిల్ 21

మ్యాచింగ్ వాటా గురించి. అమృత్ రెండో దశ 2021 అక్టోబరు 1న మొదలైంది. లక్షలోపు జనాభా ఊళ్లలో కేంద్రం సగం ఇస్తుంది. లక్ష నుంచి పది లక్షల దాకా మూడో వంతు. ఆపైన నాలుగో వంతు. తక్కినది రాష్ట్రం, పురపాలిక చూసుకోవాల. కర్నూలు, కడప మూడోవంతు వరసలో వస్తాయి. చిన్న ఊళ్లకు ఎక్కువ ఇవ్వడం న్యాయమే. కానీ ఆ మిగతా సగంలో తన వాటా కూడా తేలేని ఊరు ఉంటుంది. గ్రాంటు మంజూరై, వాటా లేక, టెండరు దగ్గర ఆగిన పనులను నా సర్వీసులో చూసినాను. కాగితం మీద ఆ డబ్బు ఆ ఊరికి ఇచ్చినట్టే ఉంటుంది.

పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్లు సిఫారసు చేసింది. పది లక్షలు దాటని పట్టణాలకు వచ్చేదాంట్లో అరవై శాతం ముందే ముడివేసి ఉంటుంది: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. నలభై శాతమే ఊరి ఇష్టం. అందరూ ఆ నలభైని చూసి, ఇందులో ఎనర్జీకి ఏం మిగులుతుందని అడుగుతారు. నేను ఆ తాగునీటి వాటానే చూడమంటాను. పంపు మార్చడం తాగునీటి పని కాక ఇంకేమిటి? ఆ మాట డీపీఆర్ మొదటి పేజీలో రాస్తే చాలు.

మే 3, సుంకేసుల

మనవణ్ణి తీసుకుని తుంగభద్ర చూడ్డానికి వచ్చినాను. బ్యారేజీ వెనక నీళ్లు తగ్గినాయి. పోయినేడు ఆగస్టు 10న హోస్పేట దగ్గర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. ఈ ఏడు 105 టీఎంసీలకు గాను 80 దాకే నిలుపుతారట. అక్కడ గేటు విరిగితే కర్నూలు కుళాయికి దిగులు.

ఇక్కడినుంచే కేసీ కాలువ బయల్దేరుతుంది. కర్నూలు నుంచి కడప దాకా మూడువందల కిలోమీటర్ల పైచిలుకు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. నీళ్లు, పడవలు రెండూ నడవాలని ఆశ. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద ఐదు శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ ఇచ్చింది. లాభం రాలేదు. 1882లో సర్కారే కొనేసింది. లెక్కల పుస్తకంలో అది నష్టం. ఆ కాలువ కింద అన్నం తిన్న తరాలను ఏ పద్దులో రాసినారో తెలియదు.

మనవడు అడిగినాడు: "తాతా, కడప దాకా ఈ నీళ్లను ఎవరు నెట్తారు?" ఎవరూ నెట్టరు నాయనా, వాలు నెడుతుంది. కాలువ తవ్వినవాళ్లు లెవెల్ తీసుకున్న తీరు అది. ఈ రోజు పట్టణాల్లో కొత్త ట్యాంకు ఎక్కడ కట్టాలో తేల్చేది ఖాళీ స్థలం. గుట్ట మీద కడితే ఊరంతా వాలుకు పారే చోట్ల కూడా, పల్లంలో స్థలం దొరికిందని అక్కడే కట్టి మళ్లీ బూస్టర్ పెడతారు. అది నాకు కడుపుమంట.

మే 10

స్వచ్ఛ గాలి పథకం కాగితాలు చదివినాను. 2019 జనవరిలో మొదలైంది. గాలి ప్రమాణాలు అందుకోని నగరాల మొదటి జాబితాలోనే కర్నూలు ఉంది, కడపను తరువాత చేర్చినారు. రాష్ట్రంలో మొత్తం పదమూడు. పీఎం 10 అనే సన్నదుమ్ము ఏడాది సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. 2026కల్లా నలభై శాతం తగ్గించాలని ఇప్పుడు లక్ష్యం.

దేశమంతటా ఖర్చైన డబ్బులో 64 శాతం రోడ్ల దుమ్ము మీదే పోయిందని 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్క తీసింది. పరిశ్రమల మీద ఒక శాతం కూడా లేదు. ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే బండ్లు. మన దగ్గర దుమ్ము నిజమే. నాపరాయి కోసే చోట, కంకర మిషన్ల దగ్గర, వానలేని నేల మీద గాలి లేస్తే దుమ్మే. కానీ నీళ్లు చల్లే బండికి ఆ నీళ్లు ఎవరు ఎత్తినారు? మళ్లీ అదే మోటరు గది. ఒక గ్రాంటు దించిన దుమ్మును ఇంకో బిల్లు మోస్తుంది. రెండు పథకాల కాగితాలూ ఒకే బల్ల మీద పెట్టే మనిషి ఒకడు కార్పొరేషన్‌లో ఉండాలి. అట్లాంటి పోస్టే లేదు.

మే 11

2015 నవంబరులో కర్నూలు జిల్లా గని సోలార్ పార్కు వేలంలో యూనిట్ 4.63 రూపాయలకు వచ్చింది. అప్పటికి దేశంలో అంత తక్కువ లేదు. 2017 ఏప్రిల్‌లో కడప వేలంలో 3.15కు పడి మళ్లీ దేశ రికార్డు. గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్లు. అద్దాల పలకలు కొండ మీదినుంచి చూస్తే చెరువు నిండినట్టు ఉంటాయి.

ఎండను అంత చవకగా అమ్మిన రెండు జిల్లాలివి. ఈ జిల్లాల్లో మోటరు గది పైకప్పు చాలా చోట్ల ఖాళీగా ఉంది. నీళ్ల పంపుకు ఎండ కన్నా ఈడైన తోడు లేదు: పగలు ఎత్తి ట్యాంకు నింపుకుంటే బ్యాటరీతో పనే లేదు. ట్యాంకే బ్యాటరీ. అయితే ముందు పంపు బాగుచేసి, ఆ తరువాతే పలకలు. 31 యూనిట్లు తాగే మోటరుకు పలకలు పెడితే మూడోవంతు పలకలు దండగకు పనిచేస్తాయి. గ్రాంటు ఇచ్చేవాళ్లకు పలకలు కనబడతాయి, ఇంపెల్లర్ కనబడదు. ఏఈకి ఇది గట్టిగా చెప్పాల.

మే 28

నైరుతి ఈసారి తొందరపడింది. 24కే కేరళ, రెండు రోజులకు సీమ. వేప కింద నేల వాసన.

అమెరికా లెక్క ఒకటి చూసినాను. 2009లో మాంద్యం నడుమ అక్కడి ప్రభుత్వం నగరాలకు, కౌంటీలకు, రాష్ట్రాలకు, ఆదివాసీ తెగలకు ఇంధన పొదుపు బ్లాక్ గ్రాంటు కింద 320 కోట్ల డాలర్లు పంచింది. 2021 చట్టంతో మళ్లీ 55 కోట్ల డాలర్లు. నాకు నచ్చింది మొత్తం కాదు, పద్ధతి. ఎక్కువ భాగం పోటీ పెట్టకుండా, సూత్రం ప్రకారం వాటా వేసి ఇచ్చినారు. ప్రణాళిక రాసుకోవడానికీ, కరెంటు ఆడిట్‌కూ కూడా ఆ డబ్బు వాడుకోవచ్చు.

మన చోట గ్రాంటు అడగాలంటే ముందు డీపీఆర్ ఉండాల. డీపీఆర్‌కు సర్వే, ఆడిట్, డిజైన్ కావాల. అవి చేయించే డబ్బు పెద్ద కార్పొరేషన్లకు ఉంటుంది, కన్సల్టెంట్లు అక్కడికే పోతారు. చిన్న ఊళ్లో ఒక ఏఈ నీళ్లు, రోడ్లు, కాలువలు, ఎన్నికల డ్యూటీ చేసుకుంటూ రాత్రిపూట దరఖాస్తు రాస్తాడు. అవసరం ఎక్కువున్న ఊరు దరఖాస్తు బాగా రాయలేకపోవడం వల్ల వెనక్కి పోతుంది. గ్రాంటులో మొదటి రూపాయి కొలతకు, దరఖాస్తుకు ఇవ్వాలి. నేను నమ్మేది ఇదే, ఎవరడిగినా ఇదే చెబుతాను.

జూన్ 7

ఏఈ అడిగిన ప్రశ్న రెండు రోజులుగా తొలుస్తోంది. "సార్, నాలుగున్నర లక్షలు మిగులుతుంది అన్నారు గదా. అది యాడ మిగులుతుంది?"

మంచి ప్రశ్న. బిల్లు నెలనెలా కట్టే ఇంట్లో బిల్లు తగ్గితే డబ్బు చేతిలో మిగులుతుంది. పురపాలికల్లో బిల్లులు బకాయి పడటం, ఎప్పుడో ప్రభుత్వం పద్దుల మధ్య సర్దేయడం దేశమంతటా ఉన్నదే. అట్లాంటి చోట తగ్గేది బకాయే. చేతికి రూపాయి రాదు. వీధిదీపాల వాయిదాలు ఎన్నో రాష్ట్రాల్లో ఈఈఎస్‌ఎల్‌కు నిలిచిపోవడానికి ఒక మూలం ఇక్కడుంది. పొదుపులోంచి కడతామని ఒప్పందం. పొదుపు నిజంగా జరిగింది. కానీ దాన్ని పక్కన తీసిపెట్టే ఖాతా లేదు.

ఎస్క్రో ఖాతా మాట డీపీఆర్‌లో పెట్టమన్నాను. తగ్గిన యూనిట్లు ఇంటూ టారిఫ్ ప్రతి నెలా విడిగా ఒక ఖాతాకు పోవాలి, దాన్ని పంపుల మరమ్మత్తుకే వాడాలి. అకౌంట్స్ సెక్షన్ ఒప్పుకోవడం కష్టం. అడుగుదాం.

జూన్ 8

ప్రధానమంత్రి సూర్యఘర్ కింద ఒక్కో ఇంటి పైకప్పు మీద పలకలు పెడితే స్థానిక సంస్థకు వెయ్యి రూపాయల ప్రోత్సాహకం ఉంది. చిన్న మొత్తమే. వెయ్యి ఇళ్లయితే పది లక్షలు. ఒక మోటరు గది బాగుపడుతుంది.

జూన్ 19, కడప

పని మీద వచ్చి, బుగ్గవంక గట్టున నడిచినాను. వచ్చే రైల్లో ఎర్రగుంట్ల దాటినాక బొగ్గు వ్యాగన్లు కనబడినాయి. ముద్దనూరు దగ్గరి థర్మల్ స్టేషను ఆర్‌టీపీపీకి. 1650 మెగావాట్లు. సింగరేణి నుంచి ఇంత దూరం వచ్చిన బొగ్గు ఇక్కడ మండి, ఆ కరెంటు పెన్న ఇసుకలో అరిగిన ఇంపెల్లర్ తిప్పుతుంది. ఆ థర్మల్ స్టేషనుకు కావలసిన నీళ్లూ పెన్నవే, మైలవరం నుంచి. నీళ్లకు కరెంటు, కరెంటుకు నీళ్లు. రెండూ కరువైన నేల మీద. ఇక్కడ ఒక యూనిట్ మిగిలితే రెండు చోట్ల మిగిలినట్టు. ఈ మాట ఢిల్లీ ఫారంలో రాయడానికి గడి లేదు. "ఇతర ప్రయోజనాలు" అన్నచోట రాయించినాను.

జూన్ 30

ఏఈ ఊరి పురపాలక కమిషనర్‌తో కూర్చున్నాం. చిన్న వయసు, శ్రద్ధగా విన్నాడు. లీకుల సంగతి ఆయనే ఎత్తినాడు. అమృత్‌లో లెక్కకు రాని నీళ్లను ఇరవై శాతం లోపుకు తేవాలని సంస్కరణ. కారిపోయే ప్రతి లీటరు వెనకా ఎత్తిన కరెంటు ఉంది కాబట్టి లీకు కట్టడం కూడా ఉద్గారాల పనే అన్నాను. రాసుకున్నాడు.

"ఆపరేటరు లాగ్ బుక్కును అనుబంధంగా పెడితే స్టేట్ కమిటీ ఒప్పుకుంటుందా సార్?" అని ఏఈ.

ఒప్పుకోకపోతే మూడో పక్షం ఆడిటర్ వచ్చి ఒక వారం కొలవనీ. ఆ కొలత ఆపరేటరు కొలతకు దగ్గరగా వస్తుందని నాకు నమ్మకం. వాల్వు ముప్పాతిక తెరిచిన సంగతి, హెడ్ ఎక్కువ పెట్టిన సంగతి కూడా డీపీఆర్‌లో దాచకుండా రాయమన్నాను. ఇన్నాళ్లూ ఇట్ల నడిపినారా అని తిడతారేమో అని ఒకరు సందేహించినారు. ఉన్నది రాయకపోతే మళ్లీ అదే హెడ్‌కు కొత్త పంపు వస్తుంది.

జూలై 6

డీపీఆర్ ముసాయిదా మెయిల్‌లో వచ్చింది. ఇరవై రెండో పేజీలో లాగ్ బుక్కు స్కాన్. నీలి సిరా, కొన్ని చోట్ల నూనె మరక. పక్కన ఆపరేటరు పేరు పెట్టినారు. ఏఈ అడక్కుండానే ఆ పని చేసినాడు. సంతోషమైంది.

రెండు మార్పులు చెప్పినాను. ఒకటి, కొత్త పంపు పెట్టినాక ఐదేళ్లపాటు నెలకొకసారి యూనిట్లు, లీటర్లు కలిపి కౌన్సిల్ ముందు పెట్టాలని తీర్మానంలో చేర్చాలి. ఆ లెక్క చదివి వినిపించే పని ఏఈది కాదు, ఆపరేటరుదే కావాలి, దానికి జీతంలో కొంత చేరాలి. రెండు, ఫ్లో మీటరు ఖర్చును గ్రాంటులోంచి తీసేసి జనరల్ ఫండ్‌లో వేసుకోవాలి. మంజూరు ఎప్పుడొస్తుందో చెప్పలేం. మీటరు ఈ నెలే బిగించుకోవచ్చు.